సెట్ అనే మాటకి నూట పన్నెండు చీటీలు

నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వేదాద్రి రాసిన చీటీ మొదటి చదువులో దాటలేదు.

దాటడమంటే ఏమిటో ముందు చెప్పాలి. జ్ఞానరత్నం మాస్టారు నరసాపురంలో ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి, ఉద్యోగం నుంచి దిగాక, ఇంగ్లీషు మాటలకి తెలుగు చెప్పే నిఘంటువు రాయడానికి కూర్చున్నారు. సగం అక్షరాలు పూర్తయ్యేసరికి నీటికాసులు కమ్మి రెండు కళ్ళూ పోయాయి. అప్పటి నుంచి శిష్యుడు వేదాద్రి రాసి చదువుతాడు, ఆయన వింటారు. ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ. శనివారం శనివారం అరుగు మీద కూర్చుని ఆ వారం చీటీలు చదవాలి. తెలుగు మాట నచ్చితే మాస్టారు చేతికర్రతో నేలని ఒక్కసారి తాటిస్తారు. చీటీ దాటినట్టు. దాన్ని పెట్టెలో వేసుకోవచ్చు.

నచ్చకపోతే ఆయన కోప్పడరు. తప్పని కూడా అనరు. తల కాస్త పక్కకి వంచి, "ఎవరంటారు ఆ మాట?" అని అడుగుతారు. అంతే.

ఆ మూడు ముక్కలు వింటే వేదాద్రికి ఒళ్ళు మండేది. తండ్రి దగ్గర పదేళ్ళు సంస్కృతం చదివినవాడు, బందరు కాలేజీలో ఇంగ్లీషులో మొదటివాడిగా వచ్చినవాడు. ఎవరంటారేమిటి, నేనంటాను అని నోటి దాకా వచ్చేది. మింగి ఊరుకునేవాడు. చీటీ వెనక్కి తీసుకుని, మరో మాట వేసి, మూడోసారికో నాలుగోసారికో దాటించుకునేవాడు.

అలాగని ఆ ఇంటి మీద ప్రేమ లేదా అంటే, చాలా ఉంది. వచ్చిన మొదటి ఏడాది మంచినీళ్ళు సొంత చెంబుతో ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. రెండో ఏడాది చెంబు తేవడం మరిచిపోయాడు. మూడో ఏడాది నుంచి మాస్టారి భార్య దయామణిగారి చారు లేనిదే శనివారం శనివారంలా ఉండేది కాదు. చెంబు సంగతి ఆవిడ అప్పుడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తదు.

ఈ స్థితిలో ఇద్దరి పనీ 'సెట్' అనే ఇంగ్లీషు మాట దగ్గరికి వచ్చింది.

చూడటానికి మూడక్షరాల మాట. లోపలికి వెళ్తే బయటికి దారి దొరకదు. సూర్యుడు దిగితే ఆ మాటే, పాలు తోడుకున్నా ఆ మాటే. విరిగిన ఎముకని సరిచేసినా, ఉంగరంలో రాయి పెట్టినా, ఎలుకకి బోను పెట్టినా, బల్ల మీద పళ్ళేలు సర్దినా, పెళ్ళికి ముహూర్తం పెట్టినా అదే. ఇన్ని పనులకి ఒక్క మాటతో కాపురం వెళ్ళదీస్తున్న ఇంగ్లీషువాణ్ణి చూసి మొదట్లో వేదాద్రికి జాలేసింది. తర్వాత పంతం పుట్టింది. నాలుగు నెలలు తలుపు వేసుకుని కూర్చుని నూట పన్నెండు అర్థాలు తేల్చాడు. నూట పన్నెండు చీటీలు రాశాడు. ఒక్కోదానికి గంభీరమైన తెలుగు మాట కట్టాడు. ఇంత పని ఈ దేశంలో ఎవరూ చేసి ఉండరని అతని నమ్మకం. అబద్ధం కూడా కాకపోవచ్చు.

ఆ వారమే జేబులోకి ఒక ఉత్తరం వచ్చి చేరింది. గోదావరి ఎగువన ఒక ప్రాచ్య కళాశాలలో ఉపన్యాసకుడి ఉద్యోగం. దళసరి కాగితం, ఒకవైపే రాత. సమ్మతమైతే ఇదే లేఖ కింద సంతకం చేసి తిప్పి పంపాలి. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం మూడు గంటల టపా దాటితే ఉద్యోగం వేరొకరికి పోతుంది. ఉత్తరం మాస్టారింటి చిరునామాకే వచ్చింది. పోస్టుమేన్ దగ్గర అందుకున్నది దయామణిగారే. ఏమిటని ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

వేదాద్రి మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. 'సెట్' మొదటి చదువులో దాటితే ఇక్కడే ఉంటాను. నిఘంటువు చివరి పేజీ దాకా మాస్టారి పక్కనే ఉంటాను. ఈసారి కూడా ఎవరంటారని అడిగితే సంతకం పెట్టేస్తాను. తను వెళ్తే ఆ పెట్టెలో చీటీలు చదివే దిక్కు ఆ ఇంట్లో లేదు. దయామణిగారికి ఇంగ్లీషు రాదు. అయినా మనిషికి తన మాట ఒక్కటైనా చెల్లుబాటు కావాలి కదా అనుకునేవాడు.

శనివారం వచ్చింది. ఆ ఊళ్ళో శనివారం సంత. మాస్టారి అరుగు ముందు నుంచే సంతకి దారి. జనం వస్తూ పోతూ ఉండగా వేదాద్రి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"పాలను పెరుగుగా మార్చుట. దధి ఘనీభవనము."

మాస్టారు వింటున్నారు.

"ఆభరణమున రాయిని కూర్చుట. రత్న సంస్థాపనము. విరిగిన ఎముకను సరిచేయుట. భగ్నాస్థి సంయోజనము. సూర్యుడు దిగుట. దినమణి నిమజ్జనము. కోడిని గుడ్లపై కూర్చుండబెట్టుట. కుక్కుటాండోపవేశనము."

చివరి మాటకి వేదాద్రికే ఒళ్ళు పులకరించింది. దాని కోసం రెండు రోజులు పట్టింది మరి.

నూట పన్నెండూ చదివాడు. మాస్టారు ఒక్కసారి కూడా తల వంచలేదు. ఎవరంటారని ఒక్కసారి కూడా అడగలేదు. వేదాద్రి లోపల పండగ మొదలైంది. ఇక కర్ర తాటించడమే తరువాయి.

మాస్టారు కర్రని గోడకి ఆనించి చేయి చాచారు. "పెరుగు చీటీ ఏదీ, ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఆయన దాన్ని పట్టుకుని వీధి వైపు చెవి పెట్టారు. కుండలు ఒకదానికొకటి తగిలే చప్పుడైంది.

"మాచమ్మేనా? ఇలా రా అమ్మా."

పెరుగమ్మే మాచమ్మ తట్ట దించి వచ్చింది. మాస్టారు చీటీ ఆమె చేతిలో పెట్టారు. "ఇది నీ పని తాలూకు కాగితం. నీ దగ్గరుంచు."

"ఆయ్, అలాగేనండి," అని మాచమ్మ దాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. మాస్టారు ఇస్తే ఎందుకని అడిగేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

వేదాద్రికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యే లోపల కిర్రుచెప్పులు వినపడ్డాయి. కంసాలి వీరాచారి రాయి చీటీ జేబులో వేసుకున్నాడు. పొడిదగ్గు వినపడింది. కట్టుకట్టే చెల్లయ్య ఎముక చీటీ తలపాగాలో దోపుకున్నాడు. భుజాన తెడ్డుతో వెళ్తున్న రేవు పడవ పేరయ్య సూర్యుణ్ణి పట్టుకుపోయాడు. బండ్ల అడ్డా దగ్గర కోళ్ళు పెంచుకునే ఖాసింబీ, కోడి చీటీని రెండు కళ్ళకీ అద్దుకుని మరీ తీసుకెళ్ళింది.

"మాస్టారూ, అవి నా చీటీలండీ," అన్నాడు వేదాద్రి.

"అవును. వెళ్ళి తెచ్చుకో. వచ్చే శనివారం చదువుదువుగాని."

"అక్కర్లేదండీ. ఇప్పుడే మళ్ళీ రాసేస్తాను. నాకు కంఠతా వచ్చు."

"వచ్చని తెలుసు. అందుకే ఆ కాగితాలే కావాలి. వాళ్ళు పనిలో ఉన్నప్పుడు వెళ్ళు. ఇస్తే తీసుకో, లాక్కోకు."

కర్ర అందుకుని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నేల మీద అది చప్పుడు చేస్తూనే వెళ్ళింది కాని, అది నడకకి అయిన చప్పుడు.

ఆ రోజు వేదాద్రి చారు కూడా తాగకుండా ఇంటికి పోయాడు. ముసలాయనకి చాదస్తం వచ్చిందనుకున్నాడు. తన నాలుగు నెలల కష్టం సంతలో పంచిపెట్టేశారని కుమిలిపోయాడు. పెన్ను తీసి ఉత్తరం మీద సంతకం చేయబోయి ఆగాడు. చీటీలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ఇవిగో మీ కాగితాలు, సెలవు అని చెప్పి వెళ్తే మర్యాదగా ఉంటుంది. అయిదు ఇళ్ళకి వెళ్ళడం ఎంతసేపు, రేపు సాయంత్రానికి అయిపోతుంది అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం మాచమ్మ వాకిట్లో కాచిన పాలు కుండల్లో పోసి ఉన్నాయి. వేదాద్రి చీటీ అడిగాడు.

"ఇస్తాను గానండి, అందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పండి. నా పని తాలూకంట కదా."

చదివాడు. మాచమ్మ మొహం పాలిపోయింది.

"అదేం జబ్బండి?"

"జబ్బు కాదమ్మా. పాలు పెరుగవడం."

"తోడెట్టడమా?" మాచమ్మ ఊపిరి పీల్చుకుంది. "హడలగొట్టేశారు కదండీ. తోడెట్టడమని రాస్తే చీటీలో పట్టదేంటి?"

వేదాద్రి చీటీ కోసం చేయి చాచాడు. మాచమ్మ ఇవ్వలేదు. ముందు తోడు పెట్టాలంది, చల్లారిపోతే పాలు తోడుకోవంది. పాలలో వేలు ముంచి చూసుకుని, అతని వైపు తిరిగి, "చూస్తారా? వేలికి వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు," అంది. అతను తటపటాయించాడు. మాచమ్మ కుండ కాస్త ముందుకి జరిపింది. వేదాద్రి వేలు ముంచాడు. వెచ్చగా తెలిసింది, చురుక్కుమనలేదు.

ఆమె గరిటెడు పెరుగు వేసి, ఒక్క తిప్పు తిప్పి, మూత పెట్టింది. "ఇంక తెల్లారేదాకా కదపకూడదండి. మన పనల్లా కాస్త తోడివ్వడమే. మిగతాది పాలే చూసుకుంటాయి."

ఆ ముక్క ఎక్కడైనా రాసుకోవాలనిపించింది. జేబులో పెన్సిలు ఉంది. కాగితం ఒక్క ఉత్తరమే ఉంది. వెనకవైపు ఖాళీ. ఒక మూల సన్నగా, కావాలంటే చెరిపేసుకునేలా రాశాడు. తోడెట్టడం, మాచమ్మ. ఆమె ఇచ్చిన చీటీ మీద మాత్రం పెరుగు వేలిముద్ర పడింది.

సోమవారం వీరాచారి కొట్లో అడుగు పెట్టేసరికి ఆయన చీటీని ఒళ్ళో పరిచి, దాని మీద బంగారం పొడి రాలేలా పట్టుకుని, ఎర్రరాయి దుద్దు చేస్తున్నాడు.

"ఊపిరి ఆ పక్కకి వదలండి," అన్నాడు తలెత్తకుండా. "రాయి ఎగిరిపోద్ది."

వేదాద్రి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. సన్నటి ఉలితో చుట్టూ బంగారాన్ని రాయి మీదికి కొద్దికొద్దిగా నొక్కాడు ఆచారి. నొక్కడం అయ్యాక దుద్దుని తిరగేసి విదిలించాడు. రాయి కదల్లేదు.

"దీన్ని రత్న సంస్థాపనం అనొచ్చా ఆచారిగారూ?"

"ఏ గుళ్ళోనండి?" అన్నాడు వీరాచారి. నిజంగానే అడిగాడు. "మేము పొదగడం అంటామండి. మా తాత కూడా అదే అనేవాడు."

చీటీ ఇచ్చే ముందు దాన్ని చిన్న కుంచెతో నాలుగుసార్లు దులిపి, తన బంగారం తను తీసుకున్నాడు. అయినా ఒక నలుసు కాగితంలో మెరుస్తూనే ఉంది. బయటికొచ్చి వేదాద్రి ఉత్తరం వెనక రెండో మాట రాశాడు. ఆచారి మాట వింటే నవ్వొచ్చింది. కోపం రావలసిన చోట నవ్వెందుకు వచ్చిందో అతనికి తెలియలేదు.

మంగళవారం చెల్లయ్య ఇంటి ముందు కేకలు. తాటిచెట్టు మీంచి జారిపడ్డ ఒకతను ముంజేయి పట్టుకుని గోల పెడుతున్నాడు. పేరు బంగారయ్య. చెల్లయ్య వేదాద్రిని చూసి ప్రాణం లేచొచ్చినట్టు, "రండి రండి, ఆ భుజం గట్టిగా పట్టుకోండి," అన్నాడు. చీటీ సంగతి ఎత్తే వీలు లేకుండా వేదాద్రి భుజం పట్టుకున్నాడు.

చెల్లయ్య తలపాగాలోంచి చీటీ తీసి బంగారయ్య మొహం ముందు పెట్టాడు. "నువ్వు నాలుగో క్లాసు చదివావు కదరా. ఇది గట్టిగా చదువు. ఒక్క అక్షరం తప్పకూడదు."

"భ... భగ్నా... భగ్నాస్తి..."

"స్తి కాదు. స్థి. మళ్ళీ."

"భగ్నాస్థి సం... సంయో..."

టక్కుమంది. బంగారయ్య ఒక్క అరుపు అరిచి, తర్వాత ఆశ్చర్యంగా చేయి చూసుకున్నాడు. సూటిగా ఉంది. చెల్లయ్య అప్పుడే వెదురుబద్దలు వేసి గుడ్డ చుడుతున్నాడు.

"బాగా పనిచేసిందండి మీ మాట," అన్నాడు వేదాద్రితో. "మనిషి ధ్యాస నెప్పి మీద ఉంటే కండ బిగుసుకుపోద్దండి. సామాన్యమైన మాటైతే ఇంత ధ్యాస లాగదు."

వేదాద్రి నవ్వాపుకోలేకపోయాడు. తన మాట ఒకటి లోకంలో చెల్లింది. అది ఈ విధంగా చెల్లుతుందని కలలో కూడా అనుకోలేదు.

"మరి దీన్ని మీరేమంటారు?"

"ఎముక సరిపెట్టి కట్టు కట్టడమండి. అతుక్కోవడం దాని పని."

మిగతాది పాలే చూసుకుంటాయన్న మాచమ్మ గుర్తొచ్చింది. రాసుకున్నాడు. ఉత్తరం వెనక సగం నిండింది. ఇంకా చెరిపేసుకోవచ్చనే అనుకున్నాడు, కాని ఈసారి పెన్సిలు కాస్త గట్టిగానే నొక్కాడు.

బుధవారం రేవులో పేరయ్యతో పేచీ వచ్చింది. చీటీ పడవ కప్పులో తాటాకుల మధ్య భద్రంగానే ఉంది. వేదాద్రి నడి గోదావరిలో ఉండగా దాన్ని చదివాడు. అదీ చిక్కు.

"నిమజ్జనమంటే ముంచడం కదండి?" పేరయ్య తెడ్డు ఆపేశాడు. "ఇంకెప్పుడూ నా పడవలో ఆ మాట అనకండి బాబూ. పిల్లలు కలవాణ్ణి."

"తప్పే. మరేమనాలి?"

"పొద్దుగూకడమండి. పొద్దుగూకితే పడవ కట్టేసి ఇంటికి పోతాను. మాటంటే అంతేనండి నాకు."

వేదాద్రి పడమటికి తిరిగాడు. నాలుగు నెలలు తలుపు వేసుకుని ఆ మాట కోసం ఆలోచించినవాడు, ఆ నాలుగు నెలల్లో ఒక్క సాయంత్రం కూడా పొద్దుగూకడం చూడలేదు. ఎర్రటి పొద్దు నీళ్ళ అంచుకి దిగుతోంది. చూస్తూ చూస్తూ ఉండగా దిగిపోయింది. అతనికి చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

గురువారం ఖాసింబీ దగ్గరికి వెళ్ళాడు. ఇక ఒక్క చీటీయే.

"అయ్యో బాబూ," అంది ఖాసింబీ. "అది కోడి కింద ఉందే."

వేదాద్రికి వినపడింది కాని తలకెక్కలేదు. ఆమె గంప చూపించింది. గడ్డి మీద నల్లకోడి రెక్కలు పరుచుకుని కూర్చుని, వేదాద్రిని ఒంటికంటితో చూస్తోంది.

"మాస్టారు తాయెత్తు ఇచ్చారనుకున్నా బాబూ. మొదటి విడత గుడ్లు ముంగిస తినేసింది. రెండో విడత ఉరుములకి మురిగిపోయాయి. ఇది మూడోది. కోడి మేతకి లేచినప్పుడు కాగితం తెచ్చి గుడ్ల కింద పెట్టా. కోడి కూర్చుని ఇవాళ పందొమ్మిదో రోజు. శనివారానికి ఇరవై ఒకటి. ఇప్పుడు చెయ్యి పెడితే కోడి లేచిపోతుంది."

ఆమె ఇవ్వనని అనలేదు. అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. కావాలంటే తీసుకో అన్నట్టే ఉంది ఆ చూపు, తీసుకోవద్దని వేడుకున్నట్టూ ఉంది.

"శనివారం వస్తాను," అన్నాడు వేదాద్రి.

శనివారం పొద్దున్నే వచ్చాడు. జేబులో ఉత్తరం ఉంది. వెనకవైపంతా మాటలతో నిండిపోయింది. మాచమ్మ ఇంకో రెండు చెప్పింది, చెల్లయ్య మూడు చెప్పాడు. ముందువైపు మాత్రం శుభ్రంగానే ఉంది, కింద సంతకానికి జానెడు చోటుతో సహా. చీటీ చేతికి రాగానే పోస్టాఫీసుకి పోయి సంతకం పెట్టి పడేయవచ్చు. వెనక పిచ్చిరాతలేమిటని కాలేజీవాళ్ళు అడిగితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. అలా అనుకుంటూనే గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

పది దాటింది. పన్నెండు దాటింది. ఖాసింబీ గుమ్మంలో కూర్చుని పెదవులు కదుపుతోంది. కోడి ఉలకదు పలకదు. వేదాద్రి కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండున్నరకి కోడి కొద్దిగా లేచి, తన కిందికి తనే తొంగి చూసుకుంది. లోపల నుంచి పీచుమని సన్నటి గొంతు.

"ఖాసింబీ," అన్నాడు వేదాద్రి గుసగుసగా. "ఇలా రా."

ఇద్దరూ తలలు ఆనేలా వంగి చూశారు. ఒక గుడ్డుకి చిల్లు పడి, చిల్లులో ముక్కు ఆడుతోంది. పక్కనున్న గుడ్డు బీటిచ్చింది. దాని పక్కది. వీధిలో టపా బండి గంట కొట్టుకుంటూ వెళ్ళింది. వేదాద్రికి వినపడింది. తలెత్తలేదు. ఆ సమయానికి మూడో పిల్ల తడిసిన ఒంటితో పెంకులోంచి బయటపడటానికి నానా యాతన పడుతోంది, దాన్ని వదిలి తలెత్తడం ఎవరి తరం.

పదకొండు గుడ్లలో పది పిల్లలయ్యాయి. ఖాసింబీ ఏడుస్తూ నవ్వింది. గడ్డిలోంచి చీటీ తీసి, కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది.

"ఇందులో ఏం రాశారు బాబూ? ఇంత బాగా పనిచేసింది."

వేదాద్రి చీటీ చూశాడు. కుక్కుటాండోపవేశనము. చదవడానికి నోరు రాలేదు.

"కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడాన్ని నువ్వేమంటావు?"

"పొదగెయ్యడం అంటా. నువ్వేమంటావు?"

"నేను కూడా అదే అంటాను," అన్నాడు వేదాద్రి.

కంసాలి వీరాచారి తాత రాయిని పొదిగేవాడు. ఖాసింబీ కోడి గుడ్లని పొదిగింది. ఒక మాట ఇన్ని ఇళ్ళలో తిరగడం ఇంగ్లీషువాడి ఒక్కడి సొత్తని నాలుగు నెలలు అనుకున్నవాడికి, ఆ గంప ముందు సిగ్గూ ఆనందమూ ఒకేసారి వచ్చాయి. పెన్సిలు తీశాడు. వెనకవైపు అంగుళం కూడా ఖాళీ లేదు. కాగితం తిప్పాడు. సంతకానికి వదిలిన చోట పెద్దక్షరాలతో రాసుకున్నాడు. పొదగెయ్యడం, ఖాసింబీ.

సాయంత్రం అరుగు మీద మాస్టారు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. దయామణిగారు లోపల చారు తాలింపు వేస్తున్నారు. వేదాద్రి అయిదు చీటీలూ ఆయన చేతికిచ్చాడు. ఆయన ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇది మాచమ్మ. ఇది పేరయ్య పడవ." మరో రెండు వాసన చూసి పక్కన పెట్టారు. అయిదోది కాస్త దూరంగా పెట్టుకుని నవ్వారు. "పిల్లలు ఎన్ని?"

"పదండీ."

"మంచిది. చదువు."

వేదాద్రి చీటీలు అందుకోలేదు. జేబులోంచి ఉత్తరం తీసి విప్పాడు.

"తోడెట్టడం. మాచమ్మ అంటుంది. పొదగడం. వీరాచారిగారు అంటారు. ఎముక సరిపెట్టడం. చెల్లయ్య అంటాడు. పొద్దుగూకడం. పేరయ్య. పొదగెయ్యడం. ఖాసింబీ." ఆగి, మెల్లగా అన్నాడు, "మిగతా నూట ఏడు చీటీలూ వెనక్కి తీసుకుంటున్నానండీ. ఎవరి దగ్గరికి వెళ్ళాలో కొన్నింటికి తెలుసు. కొన్నింటికి వెతుక్కోవాలి."

కర్ర కదల్లేదు. పోయిన శనివారం లాగే ఉంది అంతా. టపా వెళ్ళిపోయింది, ఉద్యోగం పోయింది, కర్ర ఊరుకుంది. అయినా వేదాద్రికి లోపల ఏ దిగులూ లేదు. అది చూసుకుని అతనికే వింతగా అనిపించింది.

ఆయన చేయి చాచి ఉత్తరం తీసుకుని వేళ్ళతో తడిమారు.

"ఇది మన కాగితం కాదే. దళసరిగా ఉంది. వేరే రాత ఏదో ఉన్నట్టుంది."

"ఉందండీ."

"అది చదవలేదేం?"

లోపల గరిటె చప్పుడు ఆగింది. వేదాద్రి కాగితం తీసుకుని ముందువైపు తిప్పి చదివాడు. "'తమరి పాండిత్యగరిమను ఆకర్ణించి, తమరిని మా విద్యాపీఠమున నియుక్తులను గావించుటకు ప్రముదితులమగుచున్నాము.'"

మాస్టారు తల కాస్త పక్కకి వంచారు.

"ఎవరంటారు ఆ మాట?"

నాలుగేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్నకి వేదాద్రి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"ఎవరూ అనరండీ."

కర్ర నేలని ఒక్కసారి తాకింది.